డికాఫ్‌తో చిక్కటి డికాషన్

సందేహం: అక్కా, మాది శ్రీకాకుళం. అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకి సాయంత్రం కాఫీ పడకపోతే తోచదు, తాగితే రాత్రంతా నిద్ర ఉండదు. కాఫీ తగ్గించమని డాక్టరు కూడా చెప్పారట. ఇక్కడ డికాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీ, డబ్బా ఒకటి కొని పెట్టి చూశాం, వేడినీళ్ళు తాగినట్టుంది. మనింట్లో కాఫీలా డికాఫ్ పెట్టుకునే దారి ఏదైనా ఉందా? అందులో కెమికల్స్ ఉంటాయంటారు, అదొక టెన్షన్.

జవాబు: దారి ఉంది చెల్లీ. మాది విజయనగరం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో పెట్టే కాఫీ అంతా డికాఫే. అరసవల్లి నుంచి వచ్చిన మా చుట్టాల్లో పెద్దవాళ్ళు కూడా రెండో గ్లాసు అడిగి మరీ తాగారు.

కాఫీలో నిద్ర పట్టనివ్వని ఆ కెఫీన్‌కి కాస్త చేదు ఉంది గానీ వాసన లేదు. మనకి ప్రాణం లేచొచ్చే ఆ ఘుమఘుమ గింజ వేయించినప్పుడు పుట్టేది. అందుకని కెఫీన్ పోయినంత మాత్రాన కాఫీ వేడినీళ్ళయిపోదు. మీకు చప్పగా తగిలిందంటే ఆ పొడి పాతదై ఉండాలి, లేదా కొలత చాలి ఉండదు. చాలా ఇళ్ళల్లో రెండూ జరుగుతాయి.

కెఫీన్ తీసేది వేయించకముందే, పచ్చిగింజలో. నానబెట్టి, కెఫీన్ లాగేసి, మళ్ళీ ఆరబెట్టేసరికి గింజ గుల్లబారుతుంది. అలాంటి గింజ వేయించాక నూనె తొందరగా పైకి వచ్చేస్తుంది, వాసనా తొందరగానే పోతుంది. పైగా డికాఫ్ కొనేవాళ్ళు తక్కువ కాబట్టి సూపర్‌మార్కెట్ అరలో డబ్బాలు అలా పడి ఉంటాయి. మీరు కొనేటప్పుడు ఎప్పటిలోగా వాడాలన్న తేదీ చూడకండి, ఎప్పుడు వేయించారో ఆ తేదీ చూడండి. అది వెయ్యని సంచీ నేనైతే ముట్టుకోను. మీ ఊళ్ళో గింజలు వేయించే చిన్న షాపు ఒకటైనా ఉంటుంది, అక్కడ అడిగితే తాజా డికాఫ్ దొరుకుతుంది. 12 ఔన్సుల సంచీ, అంటే 340 గ్రాములు, ఒకటి చాలు. సగం గాలి చొరని డబ్బాలో బయట పెట్టుకుని, మిగతా సగం ఫ్రీజర్‌లో దాచండి. ఫ్రీజర్ నుంచి తీసిన డబ్బా చల్లదనం పూర్తిగా తగ్గేదాకా మూత తెరవొద్దు, తేమ పట్టేస్తుంది.

ఇక కెమికల్స్ సంగతి. కెఫీన్ తీయడానికి మూడు నాలుగు పద్ధతులున్నాయి. మిథిలీన్ క్లోరైడ్ అనే ద్రావకంతో తీసేది ఒకటి. వేయించిన డికాఫ్‌లో అది పది లక్షల పాళ్ళకి 10 పాళ్ళు మించకూడదని ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన. ఇథైల్ అసిటేట్‌తో తీసేదాన్ని సంచీ మీద 'షుగర్‌కేన్' అని రాస్తారు, కొలంబియా నుంచి ఎక్కువగా వస్తుంది. ఆ ద్రావకం చెరకు నుంచి చేస్తారు కాబట్టి ఆ పేరు, కాఫీలో తీపేమీ ఉండదు. కార్బన్ డయాక్సైడ్‌ని బాగా ఒత్తిడి పెట్టి దాంతో లాగేది ఇంకోటి. నాలుగోది స్విస్ వాటర్. పేరు స్విట్జర్లాండ్‌ది, ఫ్యాక్టరీ ఉన్నది కెనడాలో, వాంకూవర్ పక్కన. ముందు కొన్ని గింజల సారం నీళ్ళలోకి దింపి, ఆ నీళ్ళని బొగ్గు గుండా వడకట్టి కెఫీన్ ఒక్కటీ తీసేస్తారు. రుచి సారంతో నిండిపోయిన ఆ నీళ్ళలో కొత్త గింజలు వేస్తే వాటిలోంచి కెఫీన్ మాత్రమే బయటికొస్తుంది, రుచి గింజలోనే ఉండిపోతుంది. ద్రావకాల జోలి లేదు కనుక పెద్దవాళ్ళకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ పెట్టేటప్పుడు నేను కొనేది స్విస్ వాటరే. సంచీ మీద పద్ధతి రాయకపోతే అమ్మేవాళ్ళని నిలబెట్టి అడగండి.

ఇప్పుడు అసలు పని, కాఫీ పెట్టడం. ఊరి నుంచి స్టీలు ఫిల్టర్ తెచ్చుకుని ఉంటే సరే, లేకపోతే అమ్మని తెమ్మనండి. డికాఫ్ గింజ పెళుసు, మరపట్టినప్పుడు మెత్తటి నుసి ఎక్కువగా వస్తుంది. ఆ నుసి ఫిల్టర్ చిల్లుల్లో ఇరుక్కుంటే డికాషన్ కిందికి దిగదు. అందుకని మామూలు ఫిల్టర్ పొడి కంటే ఒక్క పిసరు బరకగా పట్టించండి. వేళ్ళ మధ్య నలిపితే సన్నరవ్వలా తగలాలి.

మన కాఫీకి ఆ చిక్కదనం, ఆ రంగు ఇచ్చేది సగం చికోరీయే. అది వేయించిన ఒక వేరు, అందులో కెఫీన్ పుట్టుకతోనే లేదు. ఇక్కడ డికాఫ్ కొనేవాళ్ళు దీన్ని వదిలేస్తున్నారు, నాకు అదే బాధ. విడి చికోరీ పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 24 గ్రాముల డికాఫ్ పొడికి 6 గ్రాముల చికోరీ కలపండి. ఇన్‌స్టంట్ డబ్బా మీద చికోరీ అని ఉందని దాన్ని మాత్రం కలపకండి, అందులో మామూలు కాఫీ కూడా ఉంటుంది.

ఫిల్టర్ పై గిన్నెలో ఈ పొడి వేసి పైన బిళ్ళతో ఊరికే సర్దండి, అదమొద్దు. నీళ్ళు తెర్లాక పొయ్యి ఆపి అర నిమిషం ఆగండి. ముందు పొడి తడిసేంత మాత్రమే పోసి, ఇంకో అర నిమిషం తర్వాత మిగతావి పొయ్యండి, అంతా కలిపి 180 మిల్లీలీటర్లు. తడిసినప్పుడు డికాఫ్ పొడి మామూలు పొడిలా బుసబుసా పొంగదు, నురగ తక్కువగానే ఉంటుంది. అది చూసి కంగారుపడి సంచీ పారేయకండి. పొడి తాగేసినవి పోగా 120 మిల్లీలీటర్ల డికాషన్ దిగుతుంది, ముగ్గురికి సరిపోతుంది. వేడిగా ఉండగానే కలపండి. రాత్రి దింపి పొద్దున్న వాడుకోవడం డికాఫ్‌కి పనికిరాదు.

పాల దగ్గర ఇంకో తిరకాసుంది. మనం గేదెపాలకి అలవాటుపడ్డాం, వాటిలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది. ఇక్కడి హోల్ మిల్క్‌లో ఉండేది 3.25 శాతం. రెండు శాతం పాలతో డికాఫ్ కలిపితే ఎవరు తాగినా మొహం ముడుచుకుంటారు. హోల్ మిల్క్ సన్నటి సెగ మీద కాసేపు మరగనివ్వండి, లేదా అందులో కొంచెం హాఫ్ అండ్ హాఫ్ (పాలు, క్రీమ్ సగం సగం కలిపి అమ్మేది) కలపండి. నాన్నకి కొలెస్ట్రాల్ ఉంటే మరగబెట్టిన హోల్ మిల్క్‌తో ఆపేయండి.

ఒకేసారి డికాఫ్ అంటే ఒప్పుకోని పెద్దవాళ్ళకి సగం సగం కలిపి మొదలుపెట్టండి. అమ్మానాన్నని అరకు పొడి తెమ్మనండి. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కితే అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య కనపడే తోటలవి. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది అరబికా రకం కాఫీ, రొబస్టా అనే ఇంకో రకంలో దానికి సుమారు రెట్టింపు కెఫీన్ ఉంటుంది. డికాఫ్, అరకు సమానంగా కలిపితే కెఫీన్ దాదాపు సగానికి దిగుతుంది, ఊరి రుచి నోట్లో ఉంటుంది. వారం వారం అరకు పాలు తగ్గిస్తూ పోవచ్చు. కాల్చిన కాఫీ పొడి తేవడానికి అభ్యంతరం లేదు, కాకపోతే దిగాక ఎయిర్‌పోర్టులో ఆహార పదార్థాలు ఉన్నాయని చెప్పమనండి.

డికాఫ్ అంటే సున్నా కాదని కూడా గుర్తుంచుకోండి. మామూలు కాఫీ 8 ఔన్సుల కప్పులో సుమారు 95 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటే, డికాఫ్‌లో 2 నుంచి 15 దాకా ఉంటుంది. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి చాలామందికి అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం 5కి మామూలు కాఫీ తాగితే రాత్రి 10కి సగం ఇంకా ఒంట్లోనే ఉంటుంది, ఆ పైన విమానం దిగిన కొత్తలో పగలూ రాత్రీ తారుమారు. మొదటివారం పొద్దున్న వాళ్ళకి అలవాటైన కాఫీ ఇవ్వండి, మధ్యాహ్నం 12 దాటాక డికాఫే ఇవ్వండి. కడుపుతో ఉన్నవాళ్ళు రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని ఇక్కడి ప్రసూతి వైద్యులు చెబుతారు. వాళ్ళు చికోరీ సంగతి కూడా తమ డాక్టరుని అడగడం మంచిది.

కడుపులో మంట ఉన్నవాళ్ళకి డికాఫ్ మందు కాదు, కొందరికి దాంతోనూ మంట వస్తుంది. అమ్మ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే, మాత్రకీ కాఫీకీ మధ్య గంట తేడా ఉంచమనండి. ఐరన్ మాత్రలకైతే రెండు గంటల తేడా ఉండాలి, కాఫీ ఇనుముని ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఇందులో కెఫీన్ పాత్ర లేదు కాబట్టి డికాఫ్‌కీ ఆ తేడా పాటించాల్సిందే. వాళ్ళు వేసుకునే మాత్రలన్నీ బయల్దేరేముందు అక్కడి డాక్టరుకి ఒకసారి చూపించి, ఏది ఎప్పుడో కాగితం మీద రాయించుకుని రమ్మని ఈ వారంలోనే ఫోన్ చేసి చెప్పండి.