మస్కీ వేటకు వెళ్లే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,
మావయ్య దీవెనలు.

బోటు కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మిషిగన్, కెనడా మధ్యనున్న సెయింట్ క్లెయిర్ సరస్సులో మస్కీ అనే పెద్ద వేట చేప కోసం ట్రోలింగ్ (నడిచే బోటు వెనక గాలం లాగుతూ పట్టడం) చేస్తానని, ఏ లూర్లు, అంటే చేపల్లా కనబడే ఉత్తుత్తి ఎరలు, కొనాలో చెప్పమని నువ్వు పెట్టిన మెసేజ్ కూడా చూశాను. లూర్ల సంగతి తర్వాత. ముందు పెద్ద వల ఒకటి కొను. రబ్బరు పూత ఉండాలి, నాలుగడుగుల చేప వంగకుండా పట్టేంత వెడల్పు ఉండాలి. దాంతోపాటు పొడుగు ముక్కు ప్లయర్స్, గాలాన్ని కత్తిరించగలిగే గట్టి కట్టర్. ఈ మూడూ లేకుండా బోటు నీళ్లలోకి దించొద్దు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను పట్టిన మొదటి మస్కీ నా చేతుల్లోనే చచ్చిపోయింది. జులై చివరి వారం, నీళ్లు వెచ్చగా ఉన్నాయి. నా దగ్గరున్నది చిన్న వల. మూడు ముళ్ల గాలం అందులో చిక్కుకుంది, కత్తిరించడానికి ఏమీ లేదు. విడదీసి, ఆ సంతోషంలో ఫొటోలు దిగి నీళ్లలో వదిలితే వెల్లకిలా తిరిగిపోయింది. ముప్పావు గంట తోక పట్టుకుని నిలబెట్టడానికి చూశాను. ఇక ఈదలేదు. 46 అంగుళాల ఆడ చేప. అంత పెరగడానికి పదేళ్ల పైనే పట్టి ఉంటుంది. అప్పటినుంచి నీళ్ల వేడి 80 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరితే నేను మస్కీ జోలికి వెళ్లను. నువ్వూ వెళ్లకు. వెచ్చటి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, పెనుగులాడి అలసిన చేప మళ్లీ కోలుకోలేదు. వదిలినప్పుడు ఈదుకుంటూ వెళ్లిన చేప కూడా తర్వాత చచ్చిపోవచ్చు.

మస్కీ స్వభావం నీకు కొత్తేం కాదు. మన ఊరి కాలువలో గుర్రపుడెక్క కింద కొర్రమీను ఎలా మాటు వేస్తుందో, ఇదీ నాచు అంచున అలాగే కదలకుండా నిలబడి, దాటిపోయే చేపను ఒక్క ఉదుటున పట్టేస్తుంది. సెయింట్ క్లెయిర్ కూడా కొల్లేరులా లోతు లేని సరస్సు. సగటున 11 అడుగులే. ఓడల కోసం తవ్విన దారి మాత్రం 27 అడుగులు ఉంటుంది. 1988లో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప ఉత్తర అమెరికాలో మొదట కనబడింది ఇక్కడే. అది నీళ్లను వడగట్టేయడంతో వెలుతురు అడుగుదాకా దిగి నాచు బాగా పెరిగింది. మస్కీకి అది మంచి చాటు, నీ లూర్లకు మాత్రం రోజంతా తలనొప్పి.

రాడ్ ఎనిమిది అడుగులది, గట్టిది తీసుకో. ఎంత లైన్ వదిలావో అడుగుల్లో చూపించే కౌంటర్ ఉన్న రీల్ తీసుకో. 80 పౌండ్ల బలానికి ఆగే బ్రెయిడ్ (అల్లిన) లైన్, దాని చివర లూర్‌కి ముందు వచ్చేలా లీడర్ అనే గట్టి తీగ, మూడు నాలుగు అడుగులది, స్టీల్‌ది గానీ, లావుపాటి ఫ్లోరోకార్బన్ లీడర్ గానీ కట్టు. ఆ పళ్లకు మామూలు లైన్ ఆగదు. రీల్ నుంచి లైన్ జారడాన్ని అదుపు చేసే డ్రాగ్‌ని పూర్తిగా బిగించొద్దు. బ్రెయిడ్ సాగదు కాబట్టి, చేప కొట్టిన ఊపుకి గాలం నోరు చీల్చుకుని వచ్చేస్తుంది. రాడ్ హోల్డర్లను బోటుకి బోల్టులతో బిగించు. పైపైన తగిలించేవి రాడ్‌తో సహా నీళ్లలో పడటం నేను చూశాను.

లూర్లు నాలుగు చాలు. ముందు భాగంలో పెదవిలాంటి పెద్ద పలక ఉన్న బిలీవర్, వైలీ రకాలు లాంటివి, ఎనిమిది నుంచి పది అంగుళాలవి. రెండు పెర్చ్ చేప రంగులో, మిగతావి మసక నీళ్లలో కనబడేలా నారింజ, నలుపు కలిసినవి. ప్రతిదాన్నీ ముందు బోటు పక్కనే నీళ్లలో లాగి చూడు. ఒక పక్కకు పోతుంటే, ముక్కు దగ్గర లైన్ కట్టే రింగును రెండో పక్కకు కొద్దిగా, చాలా కొద్దిగా వంచు.

ఇప్పుడు నువ్వు నమ్మలేని మాట ఒకటి చెబుతాను. ఒక లూర్‌ని బోటు వెనక పది పదిహేను అడుగుల దూరంలో, ప్రొపెల్లర్ నురగలోనే ఉంచు. అది పైకి తేలకుండా లీడర్ ముందు ఒక పౌండు బరువు కట్టు. ఈ సరస్సు మీద హోమర్ లెబ్లాంక్ అనే కెప్టెన్ ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. ఇంజన్ చప్పుడుకి చేప పారిపోతుందని నేనూ అనుకునేవాణ్ణి. నా పెద్ద చేపల్లో సగం ఆ నురగలోనే దొరికాయి. రెండో లూర్‌ని పక్కగా 40 అడుగుల వెనక వదులు. మిషిగన్‌లో మనిషికి మూడు లైన్లు వేయొచ్చు గానీ, మొదటి నెల బోటు మొత్తానికి రెండే వెయ్యి. లైన్లు చిక్కుపడితే రోజంతా విప్పుకోవడంతోనే సరిపోతుంది.

వేగం జీపీఎస్‌లో చూసుకో. వేసవిలో గంటకు నాలుగు నుంచి ఐదు మైళ్లు, అక్టోబరు చలికి మూడు. నేరుగా పోకుండా పాములా మెలికలు తిరుగుతూ నడుపు. మలుపులో బయటి లూర్ వేగం పుంజుకుంటుంది, లోపలిది నెమ్మదిస్తుంది. ఏ పక్క రాడ్‌కి చేప కొట్టిందో గుర్తుపెట్టుకుంటే ఆ రోజు వాటికి ఏ వేగం కావాలో తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, కళ్లు రాడ్ కొన మీదే ఉండాలి. లూర్ సరిగ్గా ఈదుతుంటే కొన ఒకే తీరుగా వణుకుతుంది. ఆ వణుకు ఆగిందంటే నాచు తగులుకున్నట్టే. వెంటనే చుట్టి శుభ్రం చెయ్యి. నాచు పట్టిన లూర్‌ని గంటసేపు లాగడమంటే గంటసేపు ఇంట్లో కూర్చున్నట్టే.

చేప కొట్టినప్పుడు కంగారుపడి రాడ్‌ని గుంజకు, బోటు వేగానికి గాలం అదే దిగుతుంది. బోటు నెమ్మది చెయ్యి గానీ పూర్తిగా ఆపకు, లైన్ వదులైతే గాలం జారిపోతుంది. తల ముందుగా వలలోకి రానివ్వు. ఆ తర్వాత వలను నీళ్లలోనే ఉంచి గాలం తియ్యి, రాకపోతే కత్తిరించెయ్. గాలం పోతే పోయింది. ఫొటో కావాలంటే చేతులు తడిపి, పొట్ట కింద ఒక చెయ్యి వేసి అడ్డంగా ఎత్తు. దవడ పట్టి నిలువుగా వేలాడదీయొద్దు. ఎత్తేటప్పుడు నువ్వూ ఊపిరి బిగబట్టు. నీకు ఊపిరి ఆడనప్పుడు దానికీ ఆడదు, నీళ్లలోకి దించెయ్.

సీజన్, సైజు నిబంధనలు ఏటా మిషిగన్ సహజ వనరుల శాఖ (డీఎన్ఆర్) వాళ్ల దగ్గర చూసుకో. సరస్సు మధ్యలో కెనడా సరిహద్దు ఉంది. అటు వెళ్లి పట్టాలంటే ఒంటారియో లైసెన్స్ కావాలి. గాలి లేస్తే లోతు లేని ఈ నీళ్లు నిమిషాల్లో పొట్టి పొట్టి అలలతో ఎగసిపడతాయి, కాబట్టి లైఫ్ జాకెట్లు ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు.

జూన్ రెండో శనివారం తెల్లవారుజామున ఐదింటికి బోటు నీళ్లలోకి దించే ర్యాంప్ దగ్గర ఉంటాను. వల, కట్టర్ తీసుకుని రా. మొదటి గంట ఒక్క రాడ్‌తోనే తిరుగుదాం, నువ్వు కొన మీద కన్నెయ్యి, నేను స్టీరింగ్ పట్టుకుంటాను.

మీ మావయ్య