వచ్చి నాలుగు రోజులే, ఇంటికి వచ్చేయాలనిపిస్తోంది

ప్రశ్న: మాది అనంతపురం. డిగ్రీ రెండో సంవత్సరం. స్కూల్లో వలంటీరుగా ఆరు వారాలు పనిచేయడానికి టాంజానియాలోని మోషీకి వచ్చాను. నాలుగు రోజులైంది. నా ఇంగ్లిష్ పిల్లలకు అర్థం కావట్లేదు. హెడ్మాస్టరు ‘సా మ్బిలి’కి రమ్మంటే, రెండు గంటలని తెలుసుకుని మధ్యాహ్నం వెళ్లాను. ఉదయం ఎనిమిదికి రావాలట! అందరూ నవ్వారు. ఎవరు కనిపించినా ‘పోలే’ అని జాలి చూపిస్తున్నారు. తిండి సహించట్లేదు. నిద్ర పడితే పిచ్చి కలలు. నాన్న వద్దంటున్నా పట్టుబట్టి, అప్పు చేయించి వచ్చాను. అమ్మతో బాగున్నాననే చెబుతున్నాను. తిరిగి వచ్చేయనా?

జవాబు: తల్లీ, మలేరియా రాకుండా ఏ మాత్ర వేసుకుంటున్నావో ముందు చూసుకో. వారానికి ఒకటి వేసుకునే మెఫ్లోక్విన్ అయితే, అది కొందరికి నిద్ర చెడగొడుతుంది. భయంకరమైన కలలు, దిగులు, ఆందోళన తెస్తుంది. నీది అదే అయితే ఇంకో మాత్ర వేసుకోకముందే డాక్టరుతో మాట్లాడు. రోజూ వేసుకునే డాక్సీసైక్లిన్ లాంటి వేరే మందు రాసిస్తారు. అసలు మందే లేకుండా మాత్రం ఉండొద్దు. జ్వరం తగిలితే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇంటికొచ్చాక కొన్ని నెలల వరకూ ఇది గుర్తుంచుకో.

ఇక ఆ రెండు గంటల సంగతి. స్వాహిలీలో గంటల లెక్క పొద్దుపొడుపు నుంచి మొదలవుతుంది. మన ఏడు వాళ్లకు ఒకటి, ఎనిమిది రెండు. మన పెద్దలు ఘడియలు లెక్కపెట్టింది కూడా సూర్యోదయం నుంచే కదా! కొత్తగా వెళ్లిన ఎవరైనా పడే పొరపాటే ఇది. వాళ్ల నవ్వులో ఎగతాళి ఉందని నాకు అనిపించడం లేదు.

‘పోలే’ గురించి కూడా పొరబడ్డావు. ప్రయాణం చేసి వచ్చినవాళ్లను ‘పోలే నా సఫారీ’ అని పలకరిస్తారు. కాలు జారినా, పనిలో అలిసిపోయినా ‘పోలే’ అంటారు. వాకిట్లోకి వచ్చిన చుట్టాన్ని చూసి మీ అమ్మమ్మ ‘అయ్యో, ఎండలో వచ్చావే’ అంటుంది చూడు, అదీ ఆ మాట. నీ కష్టాన్ని గుర్తించారని అర్థం. ‘అసాంతే’ అని బదులు చెప్పు, అంటే థాంక్స్ అని.

నిన్ను బాధపెడుతున్నది ఆ ఊరు కాదనిపిస్తోంది. సాయం చేయడానికి వెళ్లి, అడుగడుగునా సాయం తీసుకోవాల్సి రావడం నీకు మింగుడుపడటం లేదు. అక్కడి ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్లలో చదువంతా స్వాహిలీలోనే. ఇంగ్లిష్ మీడియం సెకండరీలో మొదలవుతుంది. పిల్లలకు నీ మాట అర్థం కాకపోతే తప్పు నీదీ కాదు, వాళ్లదీ కాదు. ఈ వారం పాఠం చెప్పాలని చూడకు. క్లాసు టీచరు పక్కన కూర్చుని, ఆమె చెప్పిన పని చెయ్యి. పిల్లలు ‘షికామూ’ అంటే ‘మరహబా’ అను. అది పెద్దవాళ్లకు పెట్టే నమస్కారం, బదులు రాకపోతే పిల్లలు చిన్నబోతారు. రోజుకు పది మాటలు వాళ్ల దగ్గరే నేర్చుకో. మళ్లీ వస్తానని మాత్రం ఏ పసివాడికీ మాట ఇవ్వకు, వాళ్లు ఎదురుచూస్తారు.

తిండి అంటావా, ఉగాలి అంటే మొక్కజొన్న పిండి సంకటే. మ్చిచా అంటే తోటకూర. రాగిసంకటి తిన్న సీమ పిల్లవి, చేత్తో ముద్ద చేసుకుని తిను.

ఎవరైనా తప్పుగా ప్రవర్తించినా, ఉన్నచోట భద్రత లేదనిపించినా ఒక్క రోజు కూడా ఆగకు, వచ్చేయ్. అప్పు గురించి అప్పుడు ఆలోచించొద్దు. అలాంటిదేమీ లేకపోతే ఇంకో పది రోజులు చూడు. అప్పటికీ ఇలాగే ఉంటే టికెట్ మార్చుకో, నేను తప్పుపట్టను.

అమ్మకు మాత్రం నిజం చెప్పాలి. ‘దిగులుగా ఉందమ్మా, కానీ క్షేమంగానే ఉన్నాను’ అంటే చాలు. నాన్నకు కూడా ఆ మాట నువ్వే చెప్పు, అమ్మ ద్వారా వద్దు. మన టైము మీకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి తొమ్మిదికి చేస్తే ఇక్కడ పదకొండున్నర, ఫోన్ మోగగానే హడలిపోతారు. స్కూలు వదలగానే చెయ్యి.