సంఘ సమావేశం సంతకాలతోనే ముగిసిపోతోందా?

ప్రశ్న: మా పొదుపు సంఘంలో 12 మంది సభ్యులం ఉన్నాము. ఈ మధ్యే నన్ను లీడరుగా ఎన్నుకున్నారు. చాలామంది ఆలస్యంగా వచ్చి, డబ్బు కట్టి, సంతకం పెట్టి వెళ్లిపోతారు. మాట్లాడేది ఇద్దరు ముగ్గురే. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, సంఘాల పంచసూత్రాలలో క్రమం తప్పని సమావేశం కూడా ఒకటి. పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపులు, పుస్తకాల నిర్వహణ అనే మిగిలిన నాలుగూ సభ్యులందరి ఎదుట జరిగినప్పుడే వాటిపై నమ్మకం నిలుస్తుంది కాబట్టి, సమావేశాన్ని డబ్బు వసూలు చేసే వేళగా మిగిలిపోనివ్వకండి. కూలికి వెళ్లివచ్చేవారికి వీలైన సమయాన్ని అందరూ కలిసి నిర్ణయించి, ఎంతమంది వచ్చినా ఆ సమయానికే మొదలుపెట్టండి.

అందరూ గుండ్రంగా కూర్చున్నాక గత తీర్మానాలను చదివించి, ఎవరు ఒప్పుకున్న పని ఎంతవరకు వచ్చిందో వారినే అడగండి. అప్పు ఎవరికి ముందు ఇవ్వాలన్నదే అసలైన చర్చ. పిల్లల ఫీజుకు అడిగినవారు, గేదె కొనుక్కోవడానికి అడిగినవారు తమ అవసరాన్ని తామే చెప్పుకోవాలి. ఎప్పుడూ మౌనంగా ఉండే సభ్యులను పేరు పెట్టి అడిగి, మీ అభిప్రాయాన్ని అందరికన్నా చివర చెప్పండి, ఎందుకంటే లీడరు ముందే మాట్లాడితే మిగిలినవారు తలూపి ఊరుకుంటారు. వాయిదా కట్టలేకపోయిన సభ్యురాలిని నలుగురిలో నిలదీయడం నా దృష్టిలో పెద్ద తప్పు. కారణం విని కొత్త గడువు రాసుకోండి. రాసిన తీర్మానాన్ని పైకి చదివి వినిపించిన తరువాతనే సంతకాలు తీసుకోండి.