ఆలుగడ్డకు జీవన ఎరువు: ఏ వాహకం మంచిది?

జీవన ఎరువులోని బాక్టీరియాను బతికించి పొలానికి చేర్చే పొడిని వాహకం అంటారు. గాలిలోని నత్రజనిని పంటకు అందించే అజోటోబాక్టర్, భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా రెండిటికీ మన దేశంలో లిగ్నైట్ (గోధుమ రంగు బొగ్గు) పొడి నమ్మదగిన వాహకం. ఐరోపా, కెనడాల్లో పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కల పదార్థం) వాడతారు. అంత మేలైన పీట్ ఇక్కడ అరుదు. టాల్క్ (మెత్తని ఖనిజపు పొడి) చవకే, దుంపకు బాగా అంటుకుంటుంది, కానీ తేమ పట్టి ఉంచదు. స్పోర్లు (ఎండను, పొడిదనాన్ని తట్టుకునే గట్టి కణాలు) ఏర్పరచే బాసిల్లస్ బాక్టీరియా దానిలో బతుకుతుంది, మిగతావి త్వరగా తగ్గిపోతాయి.

లిగ్నైట్‌కు సహజంగా ఆమ్ల గుణం ఎక్కువ. అందుకే కాల్షియం కార్బొనేట్ కలిపి పి.హెచ్.ను 7 దగ్గరికి తెస్తారు, ఆ తర్వాత ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరి యంత్రంలో) శుద్ధి చేస్తారు. శుద్ధి సరిగా జరగకపోతే ప్యాకెట్‌లో వేరే సూక్ష్మజీవులే పెరిగి అసలువాటిని మింగేస్తాయి. తేమ 30-40 శాతం ఉండాలి: తగ్గితే బాక్టీరియా చస్తుంది, పెరిగితే పొడి గడ్డకట్టి గాలి ఆడదు. ప్రమాణాల ప్రకారం గ్రాముకు కనీసం 5 కోట్ల జీవకణాలుండాలి. గడువు తేదీ చూడండి, ప్యాకెట్‌ను ఎండలో ఉంచకండి.

విత్తన దుంపలను ద్రావణంలో ముంచడం కన్నా సాలులో వేయడమే మేలు. తడిసిన దుంపలు, ముఖ్యంగా కోసిన ముక్కలు, సులువుగా కుళ్లుతాయి. ఎకరాకు ఒక్కో రకం 2 కిలోలు తీసుకుని, బాగా చివికిన 100-200 కిలోల పశువుల ఎరువులో కలపండి. నీళ్లు చిలకరించి రాత్రంతా నీడలో ఉంచి, నాటేటప్పుడు దుంపల పక్కనే వేసి వెంటనే మట్టి కప్పండి. మాంకోజెబ్ అనే శిలీంద్రనాశిని పట్టించిన దుంపలకు జీవన ఎరువును నేరుగా తాకించకండి. జహీరాబాద్ ప్రాంతంలోలా రబీలో వేసే పంటకూ పద్ధతి ఇదే.