సూపర్‌హీరో ఎన్‌సైక్లోపీడియాలు: కొనేముందు ఏం చూడాలి?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మా పదేళ్ల బాబుకు సూపర్‌హీరోలంటే పిచ్చి. పుస్తక ప్రదర్శనలో డీకే ప్రచురణ సంస్థ వాళ్ల డీసీ కామిక్స్ ఎన్‌సైక్లోపీడియా రెండు కూర్పులు కనిపించాయి. 2008 నాటిది సగం ధరకే ఇస్తున్నారు, 2021ది పూర్తి ధర. హీరోలు అవే కదా, పాతది కొంటే వచ్చే నష్టమేంటి?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: హీరోలు అవే గానీ వాళ్ల కథలు అవి కావండీ. 2011 సెప్టెంబరులో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కథల ప్రచురణ సంస్థ డీసీ ‘న్యూ 52’ పేరుతో 52 పత్రికలను ఒకటో నంబరు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. సూపర్‌మ్యాన్‌కూ లోయిస్ లేన్‌కూ 1996లో జరిగిన పెళ్లి ఆ కొత్త కథల్లో అసలు జరగనే లేదు. 2016లో ‘రీబర్త్’ పేరుతో కథలను మరోసారి సరిచేశాక మళ్లీ భార్యాభర్తలు అయ్యారు, వాళ్లకు జాన్ అనే కొడుకు కూడా ఉన్నాడు. ఆ జాన్ తొలిసారి కనిపించింది 2015లో. అందుకని 2008 పుస్తకంలో ఎంత వెతికినా దొరకడు. మీ బాబు ఇప్పుడొస్తున్న కథలు చదువుతుంటే 2021దే కొనండి. ఎనభైలు, తొంభైల నాటి పాత సంచికలు చదివేవాళ్లకు మాత్రం 2008దే సరైన తోడు. సగం ధరకు వస్తోందంటే అదృష్టమే.

ఏ కూర్పయినా సరే, స్టాలు దగ్గరే ఈ పరీక్షలు చేయండి. ముందు ముద్రణ వివరాల పేజీ తిప్పండి. అట్ట మీద కొత్త బొమ్మ వేసి లోపల పాత పాఠాన్నే మళ్లీ అచ్చేసిన పుస్తకాలు బజారులో కొల్లలు. మీకు కావలసింది కాపీరైట్ సంవత్సరం, ‘సవరించిన కూర్పు’ అన్న మాట. అక్కడ 10 నుంచి 1 దాకా అంకెల వరుస ఉంటే, ప్రతి కొత్త ముద్రణకూ చివరి అంకె తీసేస్తారు కనుక, మిగిలిన వాటిలో అతి చిన్న అంకె ఎన్నో ముద్రణో చెబుతుంది. ముద్రణ సంఖ్య పెరిగినంత మాత్రాన లోపలి సమాచారం మారినట్టు కాదు.

తర్వాత తేదీలు. ప్రతి పాత్ర దగ్గరా మొదట కనిపించిన సంచిక పేరు, నంబరు, నెల, సంవత్సరం ఉండాలి. స్పైడర్‌మ్యాన్‌కు అమేజింగ్ ఫాంటసీ 15, ఆగస్టు 1962. బ్యాట్‌మ్యాన్‌కు డిటెక్టివ్ కామిక్స్ 27, మే 1939. ఇవి ఎవరైనా సరిగ్గానే వేస్తారు. అసలు పరీక్ష వుల్వరిన్ దగ్గర. అతను ఇన్‌క్రెడిబుల్ హల్క్ 180 చివరి పేజీలో తళుక్కున మెరిసి, 181లో పూర్తిగా వస్తాడు. రెండు నంబర్లూ చెప్పిన పుస్తకం శ్రద్ధగా తయారైనట్టు లెక్క. సూపర్‌మ్యాన్ తొలి సంచిక యాక్షన్ కామిక్స్ 1 అట్ట మీద జూన్ 1938 అని ఉంటుంది, అమ్మకానికి వచ్చింది మాత్రం ఏప్రిల్‌లో. పుస్తకం ఏ పద్ధతినైనా పాటించవచ్చు, కానీ ఒక పేజీలో అట్ట తేదీ, ఇంకో పేజీలో అమ్మకపు తేదీ కలిపికొడితే దాన్ని నమ్మకండి.

మూడోది సృష్టికర్తల పేర్లు. బ్యాట్‌మ్యాన్ వెనక బాబ్ కేన్‌తో పాటు రచయిత బిల్ ఫింగర్ ఉన్నాడని అభిమానులకు ఎప్పటినుంచో తెలుసు. డీసీ అధికారికంగా ఒప్పుకుని అతని పేరు చేర్చింది మాత్రం 2015లో. ఆ తర్వాత వచ్చిన పుస్తకం కూడా కేన్ పేరు ఒక్కటే వేసిందంటే, పాత పాఠాన్ని ఎవరూ మళ్లీ చదవలేదన్నమాట. పాత్రలను గీసి, రాసినవాళ్ల ఊసే ఎత్తని పుస్తకాలూ ఉన్నాయి. అవి ఎంత నిగనిగలాడినా మా లెక్కలో బొమ్మల ఆల్బమ్‌లే.

పాత్రల పుట్టిన సంవత్సరాలు లేవని మాత్రం తప్పు పట్టకండి. అది కావాలని వదిలేసిందే. 1963లో ఐరన్‌మ్యాన్ తొలి కథ వియత్నాంలో జరుగుతుంది. తర్వాతి కథలు దాన్ని అఫ్గానిస్థాన్‌కు మార్చాయి. పాత్రల వయసు పెరగకుండా కాలాన్నే ముందుకు జరుపుకుంటూ పోతారు మరి.

ప్రశ్న: నేను ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని. కాస్ట్యూమ్‌లు గీయడం సాధన చేద్దామని ఖరీదైన ఎన్‌సైక్లోపీడియా కొన్నాను. బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి గానీ గీయడానికి పనికిరావడం లేదు. ఎందుకని?
– హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: ఎందుకంటే అవి ఆ పుస్తకం కోసం గీసినవి కావు. అట్టల నుంచి, కథలోని గళ్ల నుంచి కత్తిరించి పేర్చినవి. ఒక పేజీలో ఉన్న అయిదు బొమ్మలు అయిదుగురు చిత్రకారులవి, వేర్వేరు దశాబ్దాలవి కావచ్చు. చేయి ముందుకు చాచి దూకే భంగిమలో బెల్టు, బూట్లు, వీపు కనిపించవు. కొలతలూ ఒకదానితో ఒకటి సరిపోవు.

మీకు కావలసింది వేరే రకం పుస్తకం. స్పైడర్‌మ్యాన్, హల్క్ కథల సంస్థ మార్వెల్ 1983లో మొదలుపెట్టిన అఫీషియల్ హ్యాండ్‌బుక్ ఆఫ్ ద మార్వెల్ యూనివర్స్ చూడండి. దాన్ని నడిపింది సంపాదకుడు మార్క్ గ్రూన్‌వాల్డ్. ప్రతి పాత్రకూ తల నుంచి పాదాల దాకా నిలబడ్డ బొమ్మ, ఎత్తు, బరువు, బలం అన్నీ ఒకే మూసలో ఉంటాయి. స్పైడర్‌మ్యాన్ సుమారు 10 టన్నులు ఎత్తగలడనీ, హల్క్ వంటివాళ్లు 100 టన్నులు దాటిన వర్గమనీ లెక్క కట్టింది అక్కడే. ఆయుధాలు, కవచాల లోపలి భాగాలను ఇంజినీరింగ్ డ్రాయింగుల్లా గీసింది ఎలియట్ ఆర్. బ్రౌన్. 1990లో మొదలైన మాస్టర్ ఎడిషన్ విడి కాగితాలుగా వచ్చింది. ఫైల్లో పెట్టుకుని, కావలసిన కాగితం తీసి బల్ల మీద పెట్టుకోవచ్చు. గీసేవాళ్లకు అంతకన్నా సుఖం లేదు.

డీసీ వాళ్ల హూజ్ హూ 1985 నుంచి 1987 దాకా 26 సంచికలుగా వచ్చింది. బొమ్మ ముందు రంగుల్లో నిలబడి ఉంటే, వెనక ఒకే రంగులో పాత్ర జీవితంలోని సంఘటనలు గీసి ఉంటాయి. చూడముచ్చటైన పని. దాని చిక్కు సమయం. సరిగ్గా అప్పుడే డీసీ తన కథల్లోని సమాంతర లోకాలన్నిటినీ ఒకటిగా కుదించే పెద్ద కథ నడుపుతోంది. అక్షర క్రమంలో ముందొచ్చిన పాత్రల వివరాలు, ధారావాహిక పూర్తయ్యేలోపే పాతబడ్డాయి. సరిదిద్దడానికి 1987, 1988ల్లో అనుబంధాలు వేయాల్సి వచ్చింది. బొమ్మల కోసమైతే ఇప్పటికీ కళ్లు మూసుకుని కొనొచ్చు.

ప్రశ్న: పాత కామిక్స్ బొమ్మలు ఈ పుస్తకాల్లో రంగులు పులిమినట్టు ఎందుకుంటాయి?
– వరంగల్ పాఠకుడు

జవాబు: ఆ రంగులను ఎంచింది సిరాను పీల్చేసుకునే న్యూస్‌ప్రింట్ కోసం. అక్కడ కొంత చప్పబడి సరిగ్గా కుదిరేవి. అవే రంగులను తెల్లటి ఆర్ట్ పేపర్ మీద వేస్తే సిరా పైనే నిలిచి కళ్లలో పొడుస్తుంది. మంచి ప్రచురణకర్త తీవ్రత తగ్గిస్తాడు, లేదా నునుపులేని కాగితం వాడతాడు. బొమ్మ మీద అలల్లాంటి గీతలు కనిపిస్తే అది వేరే జబ్బు. అచ్చయిన సంచికనే స్కాన్ చేసి మళ్లీ అచ్చేయడం వల్ల బొమ్మను ఏర్పరచిన పాత రంగు చుక్కల మీద కొత్త చుక్కలు పడతాయి.

ప్రశ్న: రెండేళ్లకే నా పుస్తకం మధ్యలో పేజీలు ఊడాయి. వానాకాలంలో కొన్ని అతుక్కుపోయాయి కూడా. బాగుచేయడం ఎలా?
– కాకినాడ పాఠకుడు

జవాబు: రెండూ కాగితం బరువుతో, తేమతో వచ్చే తంటాలే. మార్వెల్ ఎన్‌సైక్లోపీడియా లాంటివి దాదాపు 2 కిలోలు తూగుతాయి. నిలబెట్టి ఉంచితే లోపలి పేజీలు అట్టను లాగుతూ కిందికి వేలాడతాయి. వెన్నుకు జిగురు మాత్రమే వేసిన బైండింగ్ అయితే ముందు ఊడేది మధ్య పేజీలే. కొనేటప్పుడే వెన్ను పైనుంచి చూడండి. కాగితాలు 16 పేజీల ఫారాలుగా మడతపెట్టి, ఫారం నడుమ దారం కనిపిస్తే అది కుట్టు బైండింగ్. వెన్ను చివర్ల రంగు పట్టీ చూసి మోసపోవద్దు, అది అలంకారమే. జిగురు బైండింగ్‌లో ఇంకో నష్టం, రెండు పేజీల మీద పరుచుకున్న బొమ్మలో నడిమి భాగం వెన్నులోకి పోతుంది. ఆ నడుమ హీరో ముఖమే ఉంటే ఇక చెప్పేదేముంది.

ఊడిన పేజీలకు సెల్లోటేపు అంటించవద్దు, కొంతకాలానికి పసుపు మరక వదులుతుంది. పేజీ లోపలి అంచుకు 2 మిల్లీమీటర్ల మేర మాత్రమే పీవీఏ (తెల్ల) జిగురు రాసి, స్థానంలో పెట్టి, పుస్తకం మూసి, బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. జిగురు బయటికొస్తే పక్క పేజీలు అతుక్కోకుండా రెండు వైపులా బటర్‌పేపర్ పెట్టండి. పదికి మించి ఊడితే బైండరుకు ఇచ్చి కుట్టించడమే మేలు.

అతుక్కుపోయిన పేజీల విషయంలో మాత్రం ఆశ తక్కువ. ఆర్ట్ పేపర్ పైపూత తడిసి ఆరితే జిగురులా గట్టిపడుతుంది. లాగితే బొమ్మ ఊడుతుంది. పుస్తకం తడిసిన వెంటనే, ఆరకముందే, పేజీ పేజీకీ మధ్య బటర్‌పేపర్ పెట్టి ఫ్యాను గాలికి ఉంచితేనే దక్కుతుంది. ఇకముందు పడుకోబెట్టి పెట్టండి, ఒకదాని మీద ఒకటి మూడుకు మించకుండా. గోడకు ఆనించవద్దు. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి.

ప్రశ్న: అబిడ్స్ ఆదివారం బజారులో సీలు తీయని ఎన్‌సైక్లోపీడియా బాగా తక్కువకు ఇస్తామంటున్నారు. అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?
– సికింద్రాబాద్ పాఠకుడు

జవాబు: ఐఎస్‌బీఎన్ (పుస్తకపు గుర్తింపు సంఖ్య) చూసి తేల్చుకోలేరు, నకిలీవాడు దాన్నీ అలాగే అచ్చేస్తాడు. సీలు తీయించి, 10 రెట్లు చూపే భూతద్దంతో చిన్న నల్ల అక్షరాలు చూడండి. అసలు పుస్తకంలో అక్షరం ఒక్క నల్ల సిరాతో, అంచులు తీరుగా ఉంటుంది. స్కాన్ చేసి వేసినదాంట్లో అక్షరం చుట్టూ నీలం, గులాబి, పసుపు చుక్కలు చెదిరి ఉంటాయి. అట్ట మీది చిన్న లోగో అంచులూ అలాగే చెదురుతాయి. చౌక కాగితం వాడి ఉంటే వెనక పేజీ బొమ్మ ఇవతలికి కనిపిస్తుంది. సీలు తీయనివ్వకపోతే కొనకండి.