పుట్టింటికి వచ్చేశాక పోలీసులు సాయం చేస్తారా?

కొట్టే భర్తను వదిలి పాపతో పుట్టింటికి వచ్చేశానని, ఆయన ఇక్కడికీ వచ్చి గొడవ చేస్తున్నాడని, కేసు పెట్టాలంటే మళ్లీ హైదరాబాద్ వెళ్లాలా అని అడిగారు. అక్కర్లేదండీ. నేనూ 2021లో ఇదే టెన్షన్ పడ్డాను.

మా ఊరి స్టేషన్‌లో "కాపురం అక్కడ కదమ్మా, అక్కడే పెట్టుకో" అన్నారు. నిజమే కాబోలనుకుని వచ్చేశాను. కానీ తలదాచుకున్న ఊళ్లో కూడా వేధింపుల కేసు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. గృహహింస చట్టం కింద కోర్టుకు వెళ్లాలన్నా మీరిప్పుడు ఉంటున్న చోటు చాలు.

రెండోసారి వెళ్తే కౌన్సెలింగ్ అని ఇద్దరినీ కూర్చోబెట్టారు. మా ఆయన అక్కడ ఎస్ఐ గారి టేబుల్ మీద తలపెట్టి ఏడ్చాడు. అందరూ కరిగిపోయి "పిల్ల మొహం చూసి సర్దుకోమ్మా" అని నాకే చెప్పారు. పది రోజులు తిరక్కుండానే అర్ధరాత్రి తాగొచ్చి మా గేటు తన్నాడు. రాజీ కాగితం మీద సంతకం పెట్టనందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను.

దారి దొరికింది మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేశాకే. వాళ్లు సఖి కేంద్రానికి, అంటే హింస ఎదుర్కొన్న ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రానికి పంపారు. గృహహింస చట్టం కింద ప్రభుత్వం పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్ నేను చెప్పిందంతా రిపోర్టు రాసి మేజిస్ట్రేట్‌కు పంపారు. లాయర్‌ను జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇచ్చింది. ఈ ఉచిత సాయానికి ఆడవాళ్ల ఆదాయం ఎంతన్నదానితో పనిలేదు.

ఆయన నా జోలికి రాకూడదని మేజిస్ట్రేట్ ఇచ్చిన రక్షణ ఉత్తర్వు చేతికొచ్చాక అదే స్టేషన్ వాళ్ల మాట మారింది. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైగా నాన్‌బెయిలబుల్. జిరాక్స్ ఒకటి స్టేషన్‌లో ఇచ్చి, రసీదు తీసుకుని, ఇంకొకటి తలుపు వెనకే ఉంచాను. మళ్లీ వచ్చినప్పుడు 112కి కొట్టి "కోర్టు ఆర్డర్ ఉంది" అన్నాను. పోలీసు బండి వచ్చింది. ఈసారి సర్దుకోమని ఎవరూ అనలేదు.

నగలు, సర్టిఫికెట్లు అక్కడే ఉండిపోయి ఉంటే ఒంటరిగా వెళ్లకండి. స్త్రీధనం, అంటే మీకు పెట్టిన నగలు, వస్తువులు, తిరిగి ఇప్పించాలని, పోలీసులు తోడు రావాలని పిటిషన్‌లోనే అడిగించండి. నా వెంట వచ్చిన లేడీ కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడి, మా అత్తగారు ఏదో అనబోతుంటే, "మీ పని తొందరగా కానివ్వమ్మా, నాకు డ్యూటీ దిగే టైమైంది" అంది. బియ్యం డబ్బా కింద దాచిన పాప బర్త్ సర్టిఫికెట్ ముందు తీశాను, బంగారం తర్వాత.