సంప్రదాయ సమాజశాస్త్ర సిద్ధాంతాల్లో పరువుకు, ఆత్మాభిమానానికి చోటుందా?

తొలితరం సమాజశాస్త్రవేత్తలు ఆస్తిని, అధికారాన్నే పట్టించుకుని, పరువు ప్రతిష్ఠలను మనస్తత్వశాస్త్రానికి వదిలేశారా అని మీరు అడిగారు. మార్క్స్ విషయంలో ఇది కొంతవరకు నిజమే. వైద్యుడు, న్యాయవాది, కవి వంటివారి చుట్టూ ఉన్న గౌరవాన్ని పెట్టుబడిదారీ వర్గం ఊడబెరికి, వారిని జీతగాళ్లుగా మార్చేసిందని 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళిక చెబుతుంది. మిగిలినవారి విషయంలో మాత్రం ఆ మాటతో నేను ఏకీభవించలేను.

జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ మరణానంతరం 1922లో వెలువడిన ఆయన గ్రంథంలో వర్గమూ, హోదా సమూహమూ వేర్వేరు. మార్కెట్లో మనిషికి ఉన్న అవకాశాలను బట్టి వర్గం ఏర్పడితే, ఇతరులు అతనికి ఇచ్చే మర్యాదను బట్టి, ఎవరితో వియ్యమందవచ్చు, ఎవరి పంక్తిన కూర్చోవచ్చు, ఏ పని చేస్తే చిన్నతనం అనే కట్టుబాట్లను బట్టి హోదా ఏర్పడుతుంది. పాఠాలు చెప్పే వృత్తిలోకి రాకముందు నేను ఒక కర్మాగారంలో గుమాస్తాగా పనిచేశాను కాబట్టి, ఈ తేడా నాకు పుస్తకం కంటే ముందే తెలుసు. అక్కడి సీనియర్ మెకానిక్‌ ఒకరికి స్టోర్సు విభాగంలో ఎక్కువ జీతంతో ఉద్యోగం ఇస్తామంటే ఆయన ససేమిరా అన్నారు. యంత్రం వదిలి రిజిస్టర్లు రాసుకునేవాడిని తోటి మెకానిక్‌లు లెక్కచేయరని ఆయనకు తెలుసు. ఆయన పనిముట్ల పెట్టెను అడగకుండా ఎవరూ ముట్టుకునేవారు కారు. కొత్తగా వచ్చిన కుర్రాడెవడైనా తెలియక స్పానర్ తీస్తే, ఆయన నోరు విప్పకముందే పక్కవాళ్లు మందలించేవారు.

ఆ మందలింపును అర్థం చేసుకోవడానికి వెబర్ కంటే మరో జర్మన్ సమాజశాస్త్రవేత్త జిమ్మెల్ ఎక్కువ ఉపయోగపడతాడు. 1908 నాటి తన ప్రధాన గ్రంథంలో ఆయన పరువును చట్టానికీ నీతికీ నడుమ ఉంచాడు. చట్టం బయటి నుంచి బలవంతపెడుతుంది, నీతి లోపలి నుంచి నడిపిస్తుంది. పరువు మాత్రం సమూహానికి కావలసిన పనిని వ్యక్తి తన సొంత మేలుగా భావించి చేసేలా చూస్తుంది. అందువల్ల చిన్న సమూహాలు పోలీసులూ న్యాయస్థానాలూ లేకుండానే తమ కట్టుబాట్లను కాపాడుకోగలవు. నా దృష్టిలో ఈ అంశంపై సంప్రదాయ సిద్ధాంతం అందించిన అతి పదునైన ఆలోచన ఇదే. విచిత్రంగా, పాఠ్యపుస్తకాలు దీన్ని దాదాపుగా దాటేస్తాయి.

ఆత్మాభిమానం సంగతికి వస్తే 1902లో అమెరికన్ సమాజశాస్త్రవేత్త కూలే రాసింది చూడాలి. మనం ఎదుటివారికి ఎలా కనబడుతున్నామో ఊహించుకుంటాం, దానిపై వారి తీర్పునూ ఊహించుకుంటాం, ఆ ఊహ నుంచే గర్వమో, తలవంపులో పుడతాయి అంటాడాయన. అంటే ఒంటరిగా ఉన్నప్పుడు కలిగే గర్వంలో కూడా మరొకరి చూపు ఉంటుంది. అయితే ఎందరో చూస్తుండగా కొందరి చూపే మనల్ని ఎందుకు గుచ్చుతుందన్న ప్రశ్నకు కూలే దగ్గర తృప్తికరమైన జవాబు నాకు దొరకలేదు. స్టోర్సు అధికారి మెచ్చుకోలు కంటే తోటి మెకానిక్‌ల మౌనానికే విలువ ఎందుకు ఎక్కువో తెలియాలంటే, మళ్లీ వెబర్ చెప్పిన హోదా సమూహాల దగ్గరికే వెళ్లాలి. కాబట్టి ఈ ఇద్దరినీ విడివిడిగా కాకుండా పక్కపక్కన పెట్టుకుని చదవమని నా సలహా.